ఉద్యోగి, రాజకీయం, పైరవీ

రెండవ సంవత్సరం తరగతిలో ఒకనాడు పాఠం ముగిసి, గంట మ్రోగడానికి ఐదు నిమిషాల వ్యవధి ఉండగా ఒక విద్యార్థి లేచి మమ్ములను ఒక ప్రశ్న అడిగాడు. అతని తండ్రి ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపుతాడు. మేనమామ ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడు. "సార్, మా నాయిన యూనియన్ మీటింగులల్ల జెండ పట్టుకొని తిరుగుతడు. మా మామయ్యనేమో పార్టీ మీటింగు జరిగే బజారుల నిలబడితెనే కొలువు పోతదంటడు. ఇద్దరిది సర్కారు కొలువే కద సార్, ఒకరికి లేని భయం ఇంకొకరికి ఎందుకు?" అన్నాడు.

ఇది పాఠ్యప్రణాళికలో లేని ప్రశ్న అని తప్పించుకోవడం సులభం. గంట మ్రోగింది కనుక ఆనాటికి తప్పించుకున్నాము కూడ. కాని ఆ ప్రశ్న మమ్ములను వదలలేదు. మన సెంటినరీ కాలనీలో చదువుకునే పిల్లలలో పెక్కుమంది సింగరేణి కార్మికుల బిడ్డలు. వీరిలో పలువురు రేపు ప్రభుత్వోద్యోగాల కొరకు పరీక్షలు వ్రాయబోయేవారు. ఉద్యోగి నడవడికను గూర్చిన నియమాలలో ఏమున్నదో తెలియక జీవితమంతా భయపడేవారు, తెలిసి కూడ జీవితమంతా వాటిని ఉల్లంఘించేవారు ఉద్యోగివర్గంలో సమానంగానే కానవస్తున్నారు. ఒక్కొక్కప్పుడు ఆ ఇద్దరూ ఒక్కరే. అందుచేత ఆ విద్యార్థికి ఈ సంచిక ద్వారా సమాధానం చెప్ప తలపెట్టాము.

ముందుగా మేనమామ సంగతి. ఉపాధ్యాయునికి వర్తించేవి 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి నుండి తెలంగాణకు సంక్రమించిన నియమాలు. వాటిలో 19వది రాజకీయాలను, ఎన్నికలను గూర్చినది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు అదే సంవత్సరం ఏర్పడిన నియమావళిలో 5వది ఇట్టిదే. ఉద్యోగి రాజకీయ పక్షంలో సభ్యుడు కారాదు. ఏ పక్షానికీ చందా ఇయ్యరాదు, సహాయం చేయరాదు. ఎన్నికలలో ఎవరి పక్షానా ప్రచారం చేయరాదు. ఓటు వేయవచ్చును గాని ఎవరికి వేయదలచినాడో, ఎవరికి వేసినాడో సూచనగానైనా తెలుపరాదు. ఎన్నికల గుర్తును తన ఒంటి మీద గాని, బండి మీద గాని, ఇంటి మీద గాని ప్రదర్శిస్తే అది తన పలుకుబడిని వినియోగించినట్లే అని కేంద్ర నియమం వివరణ ఇస్తున్నది. అంతటితో ఆగలేదు. కుటుంబసభ్యులు ఎవరైనా ప్రభుత్వాన్ని కూలద్రోసే ఉద్యమాలలో పాల్గొంటే వారిని వారించడానికి ప్రయత్నించాలి, చేతకాకపోతే ఆ సంగతి ప్రభుత్వానికి నివేదించాలి అని కూడ అందులో ఉన్నది. స్వంత బిడ్డను గూర్చి తండ్రి సర్కారుకు ఉత్తరం వ్రాయవలెనన్న ఈ ఊహ ఏ పరిపాలనాకాలం నాటిదో చదువరులే గ్రహింపగలరు. ఇవిగాక 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 134-ఎ విభాగం ప్రకారం ప్రభుత్వోద్యోగి ఒక అభ్యర్థికి ఎన్నికల ఏజెంటుగా గాని, పోలింగు ఏజెంటుగా గాని, లెక్కింపు ఏజెంటుగా గాని పనిచేస్తే 3 నెలల వరకు జైలుశిక్ష పడవచ్చును.

అయితే బజారులో నిలబడి ఒక ఉపన్యాసం వినడం నేరమని ఈ నియమాలలో ఎక్కడా లేదు. మామయ్య భయం నియమం కంటె పెద్దది. నియమాన్ని చదువక, దాని నీడను చూచి భయపడేవారికి ఇట్లే అవుతుంది.

ఇక తండ్రి సంగతి. ఆయన చేసేది సర్కారు కొలువు అని మనం వాడుకగా అంటాము గాని చట్టం దృష్టిలో అది వేరు. 1886లో ఏర్పడిన హైదరాబాదు దక్కన్ కంపెనీ 1889లో ఇల్లెందు ప్రాంతాన బొగ్గు త్రవ్వనారంభించింది. ఆ త్రవ్వకానికి నూరేండ్లు నిండిన సందర్భమే మన కాలనీ పేరులో నిలిచి ఉన్నది. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ అయినది. నేడు దానిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 పాళ్లు, కేంద్రానికి 49 పాళ్లు వాటా ఉన్నది. యజమాని ప్రభుత్వమే అయినా కంపెనీ మాత్రం కంపెనీయే. దానిలో పనిచేసే కార్మికునికి వర్తించేవి పారిశ్రామిక చట్టాలు, స్టాండింగ్ ఆర్డర్లు; సివిల్ సర్వీసుల నియమాలు కావు.

ఈ భేదాన్ని సుప్రీంకోర్టు 1969లో స్పష్టపరచింది. పొరుగున ఉన్న మైసూరు రాష్ట్రంలో, భద్రావతిలోని ఇనుము ఉక్కు కర్మాగారం పూర్తిగా ప్రభుత్వ యాజమాన్యంలోని కంపెనీ. అందులో భద్రతా విభాగం సూపరింటెండెంటుగా ఉన్న అబ్దుల్ ఖుద్దూస్ అన్వర్ 1967లో శాసనసభకు ఎన్నికైనారు. గురుశాంతప్ప అనువారు, "ఈయన ప్రభుత్వం క్రింద లాభదాయకమైన పదవిలో ఉన్నాడు గనుక ఎన్నిక చెల్లదు" అని వాదించినారు. కంపెనీ ఉద్యోగం ప్రభుత్వోద్యోగం కాదని తీర్పు చెప్పి న్యాయస్థానం ఆ వాదాన్ని త్రోసివేసింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 10వ విభాగం అనర్హులుగా పేర్కొన్నది అట్టి కంపెనీల మేనేజింగ్ ఏజెంటు, మేనేజరు, కార్యదర్శి అను పదవులలో ఉన్నవారిని మాత్రమే. కంపెనీ స్వంత నియమాలు ఏమి కోరుతున్నవో అది వేరు సంగతి. కనుక డంపరు నడిపే తండ్రి జెండా పట్టుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

పైగా ఈ బొగ్గుబెల్టులో యూనియన్ ఎన్నికయే ఒక చిన్న సార్వత్రిక ఎన్నిక. 1998లో మొదటిసారి రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘాన్ని ఎన్నుకున్నారు, ఏ.ఐ.టి.యు.సి. గెలిచింది. 2012, 2017లలో తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం, 2023 డిసెంబరు 27న మరల ఏ.ఐ.టి.యు.సి. గెలిచినవి. ఒక్కొక్క సంఘం వెనుక ఒక్కొక్క రాజకీయ పక్షం ఉన్నదని గోదావరిఖని చౌరస్తాలో చాయ్ త్రాగే ఎవరికైనా తెలుసు. ఏటా లాభాలలో కార్మికుల వాటా ఎంతో ముఖ్యమంత్రి స్వయంగా ప్రకటిస్తూ ఉండగా, నీవు మాత్రం రాజకీయం మాట్లాడకు అని కార్మికునితో అనగల ధైర్యం ఎవరికి ఉంటుంది?

బ్రిటనులో 1949 నాటి మాస్టర్‌మన్ కమిటీ తరువాత ప్రభుత్వం క్రింద శారీరక శ్రమ చేసేవారిని, క్రింది తరగతి సిబ్బందిని రాజకీయ స్వేచ్ఛ గలవారుగా విడదీసి, విధాననిర్ణయంలో పాలుగల పై అధికారులకు మాత్రమే గట్టి ఆంక్షలు పెట్టినారు. అధికారం ఎంత ఎక్కువైతే ఆంక్ష అంత ఎక్కువ అన్నది అక్కడి లెక్క. మన నియమావళిలో ఆ తారతమ్యం లేదు. జిల్లా కలెక్టరుకు ఎంత సంకెల ఉన్నదో బంట్రోతుకూ అంతే ఉన్నది. ఇది న్యాయం కాదని మా అభిప్రాయం.

ఈ నియమాలు ఎట్లు అమలు జరిగినవో మన ప్రాంత చరిత్రయే చెబుతున్నది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఎన్.జి.వో.ల సంఘానికి నాయకత్వం వహించిన కె.ఆర్. ఆమోస్ ఉద్యోగం నుండి తొలగింపబడినారు. 2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె ఆరంభమైనది. ఉద్యోగులు 42 రోజులు విధులకు దూరంగా ఉన్నారు, ఉపాధ్యాయులు కూడ సమ్మెలో పాల్గొన్నారు. సింగరేణి కార్మికులు గనులలో దిగడం మానివేసినారు. అది జీతభత్యాల సమ్మె కాదు. రాష్ట్రసాధన కొరకు జరిగిన పరిపూర్ణ రాజకీయ సమ్మె. దానిని నడిపిన ఉద్యోగనాయకులలో స్వామిగౌడ్ 2013లో శాసనమండలికి ఎన్నికై 2014లో తెలంగాణ మండలికి అధ్యక్షులైనారు. శ్రీనివాస్ గౌడ్ 2014లో శాసనసభ్యులై పిదప మంత్రి అయినారు. ఆమోస్ కూడ తరువాతి కాలంలో శాసనమండలిలో కూర్చున్నారనుకోండి. అయినను 1969లో ఉన్నవీ, 2011లో ఉన్నవీ ఆ 1964 నాటి నియమాలే. నియమం అదే; ఫలితం మాత్రం ఎవరు గెలిచినారన్న దానిని బట్టి మారింది. సమ్మె హక్కు ప్రభుత్వోద్యోగికి లేదని సుప్రీంకోర్టు 1962లో బీహారు ఉద్యోగుల వ్యాజ్యంలోను, 2003లో తమిళనాడు ఉద్యోగుల వ్యాజ్యంలోను చెప్పియే ఉన్నది. 1962 నాటి ఆ తీర్పే శాంతియుతమైన ప్రదర్శనను మొత్తంగా నిషేధించడం మాత్రం చెల్లదని కూడ చెప్పింది. ఈ రెండవ సగాన్ని మన కార్యాలయాలలో ఎవరూ జ్ఞప్తికి తెచ్చుకోరు.

ఇక్కడ మన కళాశాల వంటి సంస్థలో చదివేవారు అడుగకుండ ఉండలేని ఒక సంగతి ఉన్నది. ఏ సంస్థ రాజకీయమైనది, ఏది కాదు అని నిర్ణయించేది ఎవరు? 1966 నవంబరు 30న కేంద్ర ప్రభుత్వం ఒక ఆజ్ఞలో రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్, జమాఅతె ఇస్లామీ అను రెండు సంస్థల పేర్లు పేర్కొని వాటిలో ఉద్యోగులు పాల్గొనరాదన్నది. 1970లోను, 1980లోను ఆ మాటయే మరల చెప్పింది. 2024 జులై 9న వెలువడిన ఆజ్ఞ ఆ పాత ఉత్తర్వులనుండి మొదటి సంస్థ పేరును తొలగించింది. రెండవ దాని ప్రస్తావన ఆ ఆజ్ఞలో లేదు. మేము ఈ రెంటిలో దేనికీ వకాల్తా పుచ్చుకొనుట లేదు. పేర్లు వ్రాసి నిషేధించే పద్ధతియే లోపభూయిష్టమని మా వాదం. పేరు వ్రాసే కలం ఎవరి చేతిలో ఉంటే వారి ఇష్టానుసారం జాబితా పెరుగుతుంది, తరుగుతుంది. ఉద్యోగి చేసిన పనిని చూడాలి గాని అతడు ఏ గుంపువాడో చూడరాదు.

ఈ న్యాయాన్ని మన తెలుగువాడైన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి 1983లో నిలబెట్టినారు. మధ్యప్రదేశ్‌లో ఒక ఉపాధ్యాయుడు పూర్వం ఆర్.ఎస్.ఎస్., జనసంఘ్ కార్యకలాపాలలో పాల్గొన్నాడన్న కారణంతో ఉద్యోగం నుండి తొలగింపబడగా, ఒకనాటి రాజకీయ విశ్వాసం నేటి ఉద్యోగానికి అడ్డు కారాదని ఆయన తీర్పు చెప్పినారు. కమ్యూనిస్టులన్న ఆరోపణతో రైల్వే ఉద్యోగం పోగొట్టుకున్న బాలకోటయ్య మొదలైనవారికి పాతికేండ్ల క్రితం అదే న్యాయస్థానంలో ఈ రక్షణ లభించలేదు. రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలసిందిగా రాజనీతిశాస్త్ర విద్యార్థులకు మా సలహా.

ఇంతవరకు విద్యార్థి ప్రశ్నకు సమాధానం. కాని అసలు సంగతి ఇప్పుడు మొదలవుతున్నది.

వారం తిరుగకముందే ఆ విద్యార్థి మరొక మాట చెప్పినాడు. చెప్పడంలో తప్పేమున్నదో కూడ ఎరుగని అమాయకత్వంతో చెప్పినాడు. మామయ్య ఒక నాయకుని లెటరు పట్టుకొని పోయి, పట్టణానికి దగ్గరి బడికి డెప్యుటేషను వేయించుకున్నాడట. ఇంట్లో మిఠాయి పంచినారట. బహిరంగసభ జరిగే బజారులో నిలబడడానికి గజగజలాడిన మనిషి నాయకుని ఇంటి వాకిట తెల్లవారుజామున నిలబడడానికి వెరువలేదు! ఏలన మొదటిది రాజకీయమని, రెండవది లోకజ్ఞానమని ఆయన ఎరుక.

నిజానికి అదే నియమావళిలో ఈ రెండవ దానికీ నిషేధం ఉన్నది. కేంద్ర నియమాలలో 20వది, రాష్ట్ర నియమాలలో 24వది. తన ఉద్యోగ విషయాలలో స్వప్రయోజనం కొరకు పై అధికారి మీద రాజకీయమైన లేక మరే ఇతర బయటి ఒత్తిడిని తెచ్చుట నేరమని వాటి తాత్పర్యం. 5వ నియమాన్ని, 19వ నియమాన్ని అందరూ ఎరుగుదురు. 20వ దానిని, 24వ దానిని ఎరిగినవారు మాకు అరుదుగా తటస్థపడినారు.

దీనికి మన వాడుకలో ఉన్న మాట పైరవీ. అది ఉర్దూ నుండి మనకు వచ్చింది. ఉర్దూలో దానికి ఒకరి అడుగుజాడలలో నడచుట అని, వ్యాజ్యాన్ని విడువక నడిపించుట అని అర్థాలు. తెలంగాణ తెలుగులోకి వచ్చేసరికి దొడ్డిదారిన పని సాధించుట అయి కూర్చుంది. అర్జీ అన్నదీ ఉర్దూ నుండి వచ్చిన మాటయే. దానికి మాత్రం ఈ దుర్గతి పట్టలేదు. అర్జీ మీద పేరుంటుంది, తేదీ ఉంటుంది, ముద్ర పడుతుంది, ఒప్పుకుంటే ఎందుకో, త్రోసివేస్తే ఎందుకో అడుగవచ్చును. పైరవీకి ఇవేవీ ఉండవు. కార్మికసంఘం జాతీయ బొగ్గు వేతన ఒప్పందం కొరకు బల్ల ముందు కూర్చుని అడిగేది అర్జీ జాతికి చెందినది. అది అందరి కొరకు, అందరి ఎదుట. అదే సంఘంలోని ఒక వ్యక్తి తన బావమరిది పని మార్పిడి కొరకు రాత్రి పూట ఒక తలుపు తడితే అది రెండవ జాతి.

పేదవాడు పెద్దల వద్దకు పోక ఏమి చేస్తాడు అని అడుగవచ్చును. పింఛను రాని విధవరాలు శాసనసభ్యుని వద్దకు పోయి మొరపెట్టుకోవడం ఆమె హక్కు, వినడం ఆయన విధి. ఆమె ప్రభుత్వోద్యోగి కాదు, ఆమె ఎవరి వరుసనూ తప్పించడం లేదు. జీతం తీసుకునే మేము, మా బోటివారు చేసేది అది కాదు.

"మా బోటివారు" అని ఊరక అనలేదు. ఈ కళాశాలకు రాకపూర్వం, మరొక జిల్లాలో, ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో మేమూ ఒక లెటరు తెచ్చుకున్నాము. పట్టణానికి మార్పు కావలసి ఉండినది. కారణం చెప్పుకోదగినది కూడ కాదు, బస్సు ప్రయాణం విసుగు పుట్టినది, అంతే. మూడు ఉదయాలు ఒక పెద్దమనిషి ఇంటి ముందు చెట్టు క్రింద నిలబడినాము. నాలుగవనాడు రెండు పంక్తుల ఉత్తరం లభించింది. పదిరోజులలో పని జరిగింది. జరిగిన తరువాత తెలిసింది, మాకంటె ముందు వరుసలో ఒక సహోద్యోగి ఉన్నారని, మంచం పట్టిన తల్లి కొరకు రెండేండ్లుగా అర్జీ మీద అర్జీ పెట్టుకొని ఎదురు చూస్తున్నారని. ఆయన మమ్ములను ఒక్క మాట అనలేదు. మేము ఖాళీ చేసిన గదిని చూడడానికి వచ్చినప్పుడు, కిటికీ తలుపు సరిగా పడడం లేదు, చూచుకోండి అని మాత్రం మేము చెప్పగలిగినాము. ఆ ఏడాదే ఆయన తల్లి గతించింది.

ఇందులో ఒక్కరి బాధ మాత్రమే కాక ప్రజల బాధ కూడ ఉన్నది. ఆ తరువాతి ఎన్నికలలో మాకు పోలింగు విధి పడినది. మాకు ఉత్తరమిచ్చిన పెద్దమనిషి పక్షానికి చెందిన ఏజెంటు మా ఎదుటనే కూర్చుని మమ్ములను చూచి చిరునవ్వు నవ్వినాడు. మేము ఏ తప్పూ చేయలేదు. కాని ఆనాడు మా మనస్సు స్వేచ్ఛగా ఉన్నదని చెప్పలేము. ఉద్యోగి తటస్థంగా ఉండాలన్నదే రాజకీయ నిషేధానికి ప్రయోజనం అయితే, ఆ తటస్థత సభలో ఉపన్యాసం విన్నందున పోదు. ఉత్తరం జేబులో పెట్టుకున్ననాడు పోతుంది. ఉపన్యాసం విని ఇంటికి పోయినవాడు ఎవరికీ బాకీ లేడు. జెండా పట్టినవాడిని పదిమంది చూస్తారు గనుక, అతడు పక్షపాతం చూపితే పట్టుకోవచ్చును. లెటరు పట్టినవాడిని ఎవరు చూస్తారు?

రాజకీయం కావాలనుకున్నవాడు ఎట్లు నడుచుకోవాలో ఉర్దూ విభాగం విద్యార్థులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. మఖ్దూం మొహియుద్దీన్ హైదరాబాదు సిటీ కాలేజీలో అధ్యాపకులు. కార్మికోద్యమంలోకి పోదలచి ఆ ఉద్యోగం విడిచిపెట్టినారు. జీతమూ ఉద్యమమూ ఒకే జేబులో పెట్టుకోలేదు. అందరూ మఖ్దూంలు కాలేరు, కానక్కరలేదు కూడ. ఉద్యోగంలోనే ఉండదలచినవారికి ఓటున్నది, సంఘమున్నది, అర్జీ ఉన్నది. ఉపాధ్యాయులకైతే రాజ్యాంగం 171వ అధికరణం శాసనమండలిలో పన్నెండవ వంతు స్థానాలకు సభ్యులను ఎన్నుకునే హక్కును ప్రత్యేకించి ఇచ్చింది.

సిఫారసును గూర్చి ఖుర్‌ఆన్‌లో నాలుగవదైన అన్నిసా అధ్యాయం ఒక మాట చెప్పింది. మంచి సిఫారసు ఉన్నది, చెడ్డ సిఫారసు ఉన్నది, చేసినవానికి దాని ఫలంలో వాటా ఉంటుందని దాని భావం. మసీదులో ఈ అర్థం విని తలలూపి, బయటికి వచ్చి చెప్పులు తొడుగుకుంటూనే ఒకరి చెవిలో ఒకరు సీటు సంగతి మాట్లాడుకోవడం మేము చూచినాము, మేమూ మాట్లాడినాము.

కనుక మన కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మనది అల్పసంఖ్యాక వర్గాల సంస్థ. నిర్వహణ స్వేచ్ఛను రాజ్యాంగం 30వ అధికరణం మనకు ప్రసాదించింది. ప్రభుత్వోద్యోగుల నియమాలు మనకు నేరుగా వర్తింపవు అని కొందరు ధైర్యం చెబుతారు. వర్తింపకపోతే మరీ మంచిది, మనంతట మనమే చేయవచ్చును. ప్రవేశాల కాలంలోను, నియామకాల కాలంలోను వచ్చే ప్రతి సిఫారసు ఉత్తరాన్ని, ప్రతి ఫోనును ఒక రిజిస్టరులో వ్రాయించండి. ఎవరు, ఎవరి కొరకు, ఏ తేదీన అన్నంత చాలును. రాజకీయ నాయకులు నోటిమాటగా ఇచ్చే ఆదేశాలను అధికారులు వ్రాతలో పెట్టాలని సుప్రీంకోర్టు 2013లో టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ వ్యాజ్యంలో చెప్పింది. అధికారులకు మంచిదైనది మనకు చెడ్డ ఎట్లు అవుతుంది? ఇంత చిన్న ఊరిలో ముఖాలు చెల్లవు అంటారు. ఆ భయం మాకూ ఉన్నది. అయినను మొదటి పుటలో మొదటి పేరుగా, ఒకప్పటి మా ఉత్తరం సంగతిని తేదీతో సహా వ్రాసి ఇయ్యడానికి సిద్ధంగా ఉన్నాము.

ఈ వ్యాసం అచ్చుకు పోకముందు ఆ విద్యార్థిని పిలిచి, అతని మామయ్య ప్రస్తావన ఉన్న భాగాలను చదివి వినిపించినాము. ఊరు పేరు, మనిషి పేరు లేవు గనుక అభ్యంతరమేమైనా ఉన్నదా అని అడిగినాము. కొంతసేపు ఊరకుండి, "ఇది మా మామయ్యకు చూపియ్యొచ్చునా సార్?" అన్నాడు. చూపించమన్నాము.